జానెడు తక్కువ కాయిలు

శనివారం మధ్యాహ్నం రేగిన పొగ కిటికీలు తెరవగానే పోయింది. దాని వెనకాలే వచ్చిన మాట మాత్రం పోలేదు. "వెలిచ్కా కాయిళ్ల వల్లే" అని ఎవరో మెట్ల మీద అన్నారు. సాయంత్రానికి ఆ మాట ఐదంతస్తులూ ఎక్కి దిగింది.

సెప్టెంబరు వచ్చిందంటే యాంబోల్ ఊళ్లో ఇంటింటా ఎర్ర మిరపకాయలు కాలుస్తారు. కారం లేనివి, అరచేయంత పొడవువి. బస్తాలకొద్దీ కొని, కాల్చి, తోలు ఒలిచి, సీసాలకెత్తి చలికాలమంతా తింటారు. కాల్చడానికి ప్రతి ఇంట్లో ఒక కరెంటు కుంపటి ఉంటుంది. రేకు డబ్బా, అందులో మట్టి గొట్టం, గొట్టం చుట్టూ ఎర్రగా కాలే కాయిలు. మూడు నాలుగు కాయలు నిలబెట్టి మూత వేస్తే కాసేపటికి తోలు నల్లబడి ఊడొస్తుంది. వంటింట్లో కాలిస్తే ఆ వాసన గోడలకు పట్టి పండగ దాకా వదలదు. అందుకని వెలిచ్కా ఉండే భవనంలో అందరూ గుమ్మం ముందే కూర్చుని కాలుస్తారు. నేలమాళిగలో ఉన్న ఉమ్మడి లైను నుంచి తీగలు బయటికి లాగి, ఒకేసారి నాలుగు కుంపట్లు పెడతారు. మిగతావాళ్లు తమ వంతు వచ్చేదాకా తోలు ఒలుస్తూ ఊరి కబుర్లు ఒలుస్తూ కూర్చుంటారు. ఏళ్లుగా అదే పద్ధతి, ఎన్నడూ దీపం కూడా ఆరలేదు.

ఈ శనివారం ఫ్యూజు పోయింది. ఇంకోటి పెడితే అదీ కాసేపు ఓర్చుకుని పోయింది. మూడోసారికి ఎవరో విసుగెత్తి, ఆ ఊళ్లో అందరూ చేసే పనే చేశారు. పోయిన ఫ్యూజుకు రాగితీగ నాలుగు చుట్లు చుట్టి బిగించారు. ఇక ఫ్యూజు పోలేదు, దాని బదులు గోడలో ఉన్న తీగే కాలింది. కింది అంతస్తులో ఉండే కుమాన అవ్వను కుర్చీతో సహా బయటికి మోసుకొచ్చారు. కరెంటు కంపెనీ మనిషి వచ్చి, తీగ మార్చి, కొత్త ఫ్యూజు పెట్టి, వెళ్లేముందు ఒక ముక్క అన్నాడు: "ఏం కాయిళ్లు వాడుతున్నారో చూసుకోండి."

ఆ భవనంలో ప్రతి కుంపట్లోని కాయిలూ వెలిచ్కా దగ్గర కొన్నదే.

వెలిచ్కాకు సంతలో ఒక బల్ల ఉంది. కాయిళ్లు, ఫ్యూజులు, ప్లగ్గులు, బల్బు హోల్డర్లు అమ్ముతుంది. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా ఆ బల్లే ఆమెకు పొలం, ఆ బల్లే పింఛను. మిరపకాయల మూడు వారాల్లో అమ్మే కాయిళ్లతో మిగతా ఏడాది గడుస్తుంది. అందుకే సంతలో ఆమె దగ్గర అసలు సరుకు కాయిలు కాదు, "వెలిచ్కా దగ్గర కొన్నదా, అయితే ఫరవాలేదు" అనే మాట. దాన్ని పోగు చెయ్యడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పోగొట్టడానికి కంపెనీ మనిషి నోట్లోంచి జారిన ఒక ముక్క చాలు.

ఆదివారం మెట్ల దగ్గర అందర్నీ పోగేసినవాడు హరలాంపి. ఒకప్పుడు బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పేవాడు. ఇప్పుడు కదిలించడానికి బస్సులు లేవు కాబట్టి భవనంవాళ్లు అతన్నే తమ గుమ్మానికి పెద్దగా పెట్టుకున్నారు. మిరపకాయలు కాల్చడం నిషిద్ధమని రాసిన కాగితం తలుపుకు అంటించాడు. నేలమాళిగలోని కొత్త ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత వెలిచ్కాను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినపడేంతే తగ్గించాడు.

"చూడు వెలిచ్కా, నిన్ను ఎవరూ ఏమీ అడగట్లేదు. ఈసారి సరుకు నాసిగా వచ్చింది, నాకూ తెలీలేదు అని ఒక్క మాట అనేసెయ్. మిగిలినవి సంతలోంచి తీసెయ్. అక్కడితో సరి."

"సరుకు నాసి కాదన్నా."

"పొగ వచ్చిందా లేదా?"

"వచ్చింది. నా కాయిల్లోంచి వచ్చిందని నువ్వెలా చెప్తున్నావు?"

"అందరూ చెప్తున్నారమ్మా."

"అందరూ చెప్పేది వాళ్లు తిరిగి తీసేసుకుంటారు. నేను ఒక్కసారి ఔనన్నానంటే నేను తీసుకోలేను. అనను" అంది వెలిచ్కా.

ఆమె మొండితనం ఆ గుమ్మానికి కొత్త కాదు. కానీ హరలాంపి భార్య సెవ్దాకు ఆ జవాబు నచ్చలేదు. మొగుడి పెద్దరికాన్ని పదిమందిలో తోసిపుచ్చినట్టయింది. మంగళవారం సంతలో ఆమె బంగాళాదుంపల వరసలో ఒకసారి, వెన్న అమ్మేవాళ్ల దగ్గర ఒకసారి ఆగింది. భవనం తగలబడబోయిందనీ, దేవుడు చల్లగా చూశాడనీ, కాయిళ్లు ఎవరివో తన నోటితో చెప్పననీ చెప్పింది. చెప్పననడంతో అందరికీ ఇంకా బాగా తెలిసింది.

ఆ రోజు వెలిచ్కా బల్ల ముందు జనం ఆగలేదని కాదు. ఆగారు. కాయిలు చేతిలోకి తీసుకున్నారు, వెలుతురుకేసి పట్టుకుని చూశారు, జాగ్రత్తగా మళ్లీ పెట్టేశారు. ఏళ్లుగా కొంటున్న ఒకావిడ పోయినవారం కొన్న కాయిలు వెనక్కి తెచ్చింది. పాడైందా అని అడిగితే ఇంకా పెట్టనేలేదంది. వెలిచ్కా తీసుకుని డబ్బు తిరిగిచ్చింది. సరుకు వెనక్కొస్తే పెట్టెలో పెట్టుకోవచ్చు. ఫరవాలేదనే ఆ మాట వెనక్కి రావాలంటే ఏం చెయ్యాలి?

బుధవారం ఇంట్లో పెట్టె బోర్లించి, ఉన్న ప్రతి కాయిలూ మీటరుతో చూసింది. ఒక్కొక్కటి నలభై ఎనిమిది ఓములు. అటూ ఇటూ అర ఓము తేడా ఉంటే ఉంది. కాయిలు కరెంటుకు పెట్టే అడ్డం ఎంతో తెలిస్తే మిగతాదంతా బజారు లెక్కే. వోల్టేజీ అంటే వెనకనుంచి తోసే జనం, ఓములంటే గేటు ఇరుకు, ఆంపియర్లంటే లోపలికి వచ్చిపడే మనుషులు. తోపుడును ఇరుకుతో భాగిస్తే ఎంతమంది వచ్చారో తెలుస్తుంది. వచ్చినవాళ్లను తోపుడుతో హెచ్చవేస్తే ఎంత వేడి పుడుతుందో తెలుస్తుంది, అదే వాట్లు. నలభై ఎనిమిది ఓముల కాయిలు వెయ్యి వాట్ల పైన కొంచెం ఇస్తుంది. అలాంటివి నాలుగు పెడితే ఇరవై ఐదు ఆంపియర్ల ఫ్యూజు కదలకూడదు. సరుకు సరిగ్గానే ఉంది, మరి ఫ్యూజు ఎందుకు పోయింది? లెక్క కుదరలేదు. కుదరని లెక్కను గదిలో పెట్టుకుని కూర్చుంటే వడ్డీ తనే కట్టాలి. అందరి ముందూ పెట్టాలనుకుంది.

గురువారం పొద్దున్నే, ఎండ గుమ్మం మీద పడే వేళకు, వెలిచ్కా తన కుంపటి, పీట, ఒక సంచి మిరపకాయలు తెచ్చి సరిగ్గా నిషేధం కాగితం కింద పెట్టింది. నేలమాళిగలోకి దిగి, తన సంచిలోంచి కొత్త ఫ్యూజు తీసి బిగించింది. పైకి వచ్చేసరికి హరలాంపి చెప్పులతో దిగొచ్చాడు.

"ఫ్యూజు నా దగ్గరుంది" అన్నాడు జేబు తడుముకుంటూ.

"ఉంచుకో అన్నా. నేను అమ్మేదే అవి."

"కాగితం చదవలేదా?"

"చదివాను. దస్తూరీ బావుంది."

వసారాల్లోంచి తలలు బయటికొచ్చాయి. సెవ్దా మొగుడి వెనక వచ్చి నిలబడింది. కుమాన అవ్వ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంది. అందరికీ వినపడేలా వెలిచ్కా చెప్పింది: తన కాయిలు ఎంత కరెంటు తాగుతుందో ఇక్కడే కొలుస్తుంది. ఎక్కువ తాగితే సంతలో బల్ల ఎత్తేస్తుంది. హరలాంపి అడిగినట్టు ఒక్క సరుకు కాదు, మొత్తం బల్ల.

సెవ్దా మొగుడి పక్కకు జరిగి కుంపటి ముందుకొచ్చింది.

వెలిచ్కా ముందు ప్లగ్గులో వోల్టేజీ చూసింది. రెండు వందల ముప్పై. తల ఊపి వదిలేసింది. కుంపటి పెట్టి, కాయిలు ఎర్రబడేదాకా ఆగి, రెండు తీగల్లో ఒకదాన్ని విడదీసి, పారే కరెంటు చూపే పటకారు మీటరుతో పట్టుకుంది. ఆమె ఇంట్లో వేసిన లెక్క ప్రకారం నాలుగు పాయింటు ఎనిమిది ఆంపియర్లు రావాలి.

ఏడు పాయింటు రెండు వచ్చింది.

మీటరు ఊడదీసి మళ్లీ పట్టుకుంది. ఏడు రెండు. హరలాంపి ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. డిపోలో పనిచేసినవాడికి అంకెలు చదవడం వచ్చు.

"ఎంత రావాలి?" అన్నాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. "నాలుగు ఎనిమిది."

"ఏడు వచ్చింది. అంటే ఎన్ని వాట్లు?"

"పదహారు వందల యాభై దాకా."

"వెయ్యికి పదహారు వందలు. నీ నోటితోనే అన్నావు, మేం అన్లేదు" అన్నాడు హరలాంపి, చుట్టూ చూస్తూ. సెవ్దా ఎవరికో చెప్తున్నట్టు, బల్ల ఎత్తేస్తే ఆ చోటు ఎవరికిస్తారో కనుక్కోవాలంది. ఎవరో నవ్వారు. రెండో అంతస్తు వసారాలోంచి ఒకాయన, ఇంకేం కొలుస్తావు వెలిచ్కా, సర్దేసుకో అన్నాడు.

వెలిచ్కా సర్దుకోలేదు. పీట మీద కూర్చుండిపోయింది. సంతలో ఎదుటివాడు గెలిచానని గంతులు వేస్తున్నప్పుడే తక్కెడ మళ్లీ చూసుకోవాలని ఆమెకు తెలుసు. రెండు వందల ముప్పైని ఏడు రెండుతో భాగించింది. ముప్పై రెండు. నిన్న పెట్టెలో నలభై ఎనిమిది ఓములు చూపిన సరుకే ఈ కుంపట్లోకి వచ్చేసరికి ముప్పై రెండు ఓములైంది. మూడో వంతు లేదు. గేటు తనంతట తను వెడల్పు కాదు. ఎవరో రెక్క ఊడదీశారు.

ప్లగ్గు పీకి, డబ్బా వేడిగా ఉండగానే గుడ్డతో పట్టుకుని అడుగు మూత విప్పింది. కాయిలు ఒక చివర ఫ్యాక్టరీ కొక్కెం అలాగే ఉంది. రెండో చివర కొక్కెం లేదు. పటకారుతో మెలిపెట్టిన తీగ ఉంది. ఆ మెలిక ఎవరి చేతిదో ఆమె చూడగానే గుర్తుపట్టింది. తనదే.

జానెడు.

వెలిచ్కా తలెత్తి కిటికీలో ఉన్న కుమాన అవ్వ వంక చూసింది. "అవ్వా, నీ కాయిలు పెట్టేముందు ఏం చేశావు?"

"ఏం చేస్తాం, ఎప్పుడూ చేసేదే. జానెడు తీసేశాం" అంది అవ్వ, మిరపకాయ తొడిమ తీశామన్నంత మామూలుగా.

"పైన నువ్వు?"

"జానెడు తీశాను" అన్నాడు ఇందాక సర్దేసుకోమన్నాయన, ఇప్పుడు వెక్కిరించకుండా.

"సెవ్దా, నువ్వు?"

సెవ్దా మొగుడి వంక చూసింది. హరలాంపి చెప్పాడు. "అందరూ తీస్తారు. తియ్యకపోతే కాయలు కాలవు, ఉడుకుతాయి. ఇప్పుడు దానికీ దీనికీ ఏంటి?"

దానికీ దీనికీ ఏంటో వెలిచ్కా నిలబడి చెప్పింది. ఈ పేట ఊరి చివర లైను మీద ఉన్నన్నాళ్లూ ఇక్కడికి వచ్చేసరికి కరెంటు నీరసపడేది. రెండు వందల ఇరవై రావలసిన చోట నూట ఎనభై. బల్బులు గుమ్మడిపువ్వు రంగులో వెలిగేవి. అప్పుడు కొత్త కాయిలు ఉన్నదున్నట్టు పెడితే వెయ్యి వాట్లకు ఏడు వందలు కూడా దక్కేవి కావు. అందుకని మూడు జానల కాయిల్లో ఒక జాన కత్తిరించడం ఈ పేట అలవాటు. అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ పారేది, వెయ్యి వాట్లు వచ్చేవి, కాయ తోలు నల్లబడేది. నాలుగు కుంపట్లూ కలిపి ఇరవై రెండున్నర ఆంపియర్లు, ఫ్యూజు నిశ్చింతగా ఉండేది. పోయిన చలికాలం భవనం వెనక కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. బల్బులు తెల్లగా వెలిగాయని అందరూ సంబరపడ్డారు. తోసే జనం పెరిగారు, మనం మాత్రం గేటు రెక్క ఊడదీసే ఉంచాం. నాలుగు కుంపట్లకు ఇరవై తొమ్మిది ఆంపియర్లు. ఫ్యూజు పోక ఏం చేస్తుంది? దానికి రాగితీగ చుట్టాక గోడ కాలక ఏం చేస్తుంది?

వెలిచ్కా మాటను మాటగా వదిలే మనిషి కాదు. పెట్టెలోంచి కొత్త కాయిలు తీసింది. జానెడు కాదు, వెంట్రుకవాసి కూడా తియ్యకుండా కుంపట్లో అమర్చింది. ప్లగ్గు పెట్టింది. మీటరు ఆమె పట్టుకోలేదు, హరలాంపి చేతికిచ్చింది.

"చదువు అన్నా. గట్టిగా."

"నాలుగు ఎనిమిది" అన్నాడు హరలాంపి. తర్వాత తనే హెచ్చవేసుకున్నాడు. "పదకొండు వందలు."

మూడు కాయలు లోపల నిలబెట్టి మూత వేసింది. అందరూ ఆ మూత వంకే చూస్తూ నిలబడ్డారు. తీసేసరికి తోలు ముడతలు పడి నల్లగా ఉబ్బి ఉంది. ఉడకలేదు, కాలింది.

హరలాంపి అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఓటి బస్సును కూడా వేళకే బయల్దేరదీసినవాడు. "సరే. కానీ కత్తిరించినవాళ్లలో నువ్వూ ఉన్నావు. కాయిళ్లు అమ్మేదానివి, నీకు తెలియద్దా? తప్పు నీదీ ఉంది."

"కత్తిరించాను. ఆనాటి కరెంటుకు సరిగ్గానే కత్తిరించాను, నువ్వూ సరిగ్గానే కత్తిరించావు. దానికి నేను తల దించను. నువ్వూ దించక్కర్లేదు. కాయిలు నాసిదని మాత్రం అనద్దు. ఇంకోసారి అనద్దు."

"నిషేధం నిషేధమే."

"ఉండనీ. ఆ నీడలోనే కాలుస్తాం. నాలుగు కుంపట్లకు పందొమ్మిది ఆంపియర్లు, ఫ్యూజు ఇరవై ఐదుది. ఐదు కుంపట్లు పెట్టినా ఇరవై నాలుగే. ఆరోది పెట్టనివ్వను. అది నా నిషేధం."

కుమాన అవ్వ అందరికన్నా ముందు తన కుంపటి కిటికీలోంచి కిందికి అందించింది. అందిస్తూనే, ఇంత పొగ మింగాను కదా, నాకు కాయిలు ఊరికే ఇస్తావా అని అడిగింది. వెలిచ్కా ఇవ్వనంది. ఊరికే ఇస్తే తప్పు చేసి సర్దుకుందంటారు. తగ్గించి ఇస్తే సగం తప్పు చేసిందంటారు. ధర మంగళవారం ఎంతో ఇవాళా అంతే. పైన వసారా ఆయన, పొద్దున బోనులో నిలబెట్టాం, మధ్యాహ్నానికి దుకాణం తెరిచింది చూడండి అని గొణుగుతూనే దిగివచ్చి రెండు కొన్నాడు. మధ్యాహ్నం దాటేసరికి గుమ్మం ముందు ఐదు కుంపట్లు, చుట్టూ మిరపతోళ్ల గుట్టలు. హరలాంపి నేలమాళిగ మెట్ల మీద నిలబడి ఫ్యూజు వంక చూస్తూ ఉన్నాడు. ఎంతసేపు చూసినా అది ఏమీ చెయ్యలేదు.

జనం పలచబడ్డాక సెవ్దా వచ్చింది. ఇంట్లో రెండు బస్తాల కాయలు మెత్తబడుతున్నాయి. అటూ ఇటూ చూసి, చేతిలో డబ్బు ముందే పట్టుకుని, ఒక కాయిలు ఇమ్మంది.

"నీకు ఇక్కడ అమ్మను" అంది వెలిచ్కా, కాయ తోలు ఒలుస్తూ.

"అందరికీ అమ్మావుగా."

"వాళ్లు ఇక్కడ అన్నారు, ఇక్కడ కొన్నారు. నువ్వు సంతలో అన్నావు. రేపు శుక్రవారం, సంత ఉంది. నా బల్ల ఎక్కడో నీకు తెలుసు."

"కాయలు పాడైపోతాయి వెలిచ్కా."

"రేపటికి పాడవ్వవు. నా పేరు అయితే మంగళవారం నుంచి పాడైపోతూనే ఉంది."

సెవ్దా ముఖం ఎర్రబడింది. ఊళ్లో కాయిళ్లు అమ్మేది నువ్వొక్కదానివే కాదని చెప్పి వెళ్లిపోయింది. అది నిజమే. సంతలో ఇంకో ఇద్దరు అమ్ముతారు. ఆమె వాళ్ల దగ్గరికి వెళ్తే వెలిచ్కా చెయ్యగలిగింది ఏమీ లేదు. ఈ గుమ్మం ముందు గెలిచింది ఈ గుమ్మం దాటదు. సంతకు గుమ్మం సంగతి తెలియదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే అమ్మేది ఒక్క కాయిలు, పోయేది మిగతా పెట్టె మొత్తం.

శుక్రవారం సంతలో జనం బాగా ఉన్నారు. మంగళవారంలాగే వెలిచ్కా బల్ల దగ్గర ఆగుతున్నారు, చూస్తున్నారు, వెళ్తున్నారు. పది దాటింది. బంగాళాదుంపల వరస చివర సెవ్దా కనపడింది. ముందు ఆ చివరనున్న దుకాణం దగ్గర నిలబడింది. అక్కడ కాయిళ్లు చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. ఎంత అడ్డమో, ఎన్ని వాట్లో అడిగినట్టుంది. అమ్మేవాడు భుజాలెగరేశాడు. గోడ కాలడం కళ్లారా చూసిన మనిషికి ఆ ఎగరేసిన భుజాలు చాలలేదు.

సెవ్దా నడుచుకుంటూ వచ్చి వెలిచ్కా బల్ల ముందు ఆగింది. పక్కన వెన్న అమ్మే ఆవిడ తక్కెడ దించి చూస్తోంది. మంగళవారం కాయిలు వెనక్కి ఇచ్చినావిడ కూడా అక్కడే ఉంది.

"ఒక కాయిలు" అంది సెవ్దా, నోట్లోనే.

వెలిచ్కా చేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగింది.

"వినపడలేదు సెవ్దా."

సెవ్దా ఒకసారి వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. తర్వాత సంచి బల్ల మీద పెట్టి, బంగాళాదుంపల వరస దాకా వినపడే గొంతుతో అడిగింది.

"నీ కాయిలు ఒకటివ్వు వెలిచ్కా. జానెడు తియ్యకుండా పెడతా. శనివారం ఫ్యూజు పోయింది మా కత్తిరింపు వల్ల, నీ సరుకు వల్ల కాదు."

"నలభై ఎనిమిది ఓములు. కొలిచి ఇస్తా, చూసుకో" అని వెలిచ్కా మీటరు తీసింది.

వెన్న అమ్మే ఆవిడ మెడ సాచింది. కాయిలు వెనక్కి ఇచ్చినావిడ ఒకడుగు ముందుకు వేసింది.